తిరిగి వస్తానన్న రుజువు

మా అమ్మాయి ఇల్లు, వీధివైపు గది
జనవరి 12

మరదలికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం అందేసరికి నువ్వు ఏ పని మీద ఉన్నా అది పక్కన పెట్టి వీసాకి దరఖాస్తు చెయ్యి. మే పదో తారీఖుకల్లా ఇక్కడ నా ఎదురుగా ఉండాలి. ఎందుకని అడక్కు, అడిగినా చెప్పను. పోయిన ఏడాదీ, అంతకుముందు ఏడాదీ ఊరికే చూడ్డానికి రమ్మంటే రాలేదు కదా? ఈసారి ఊరికే కాదు. అంతవరకే చెప్తాను.

నా తమ్ముడు బతికుంటే వాడే నిన్ను విమానం ఎక్కించేవాడు. వాడు పోయి ఆరేళ్ళయినా నువ్వు ఆ నాలుగు వీధులు దాటలేదని నీ కోడలు మా అమ్మాయితో చెప్పిందట. డెబ్భై ఒకటీ ఒక వయసేనా? నాకు డెబ్భై నాలుగు. రోజూ పొద్దున్నే ఆరింటికి బయటికి వెళ్తున్నాను. ఎక్కడికని అడక్కు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒకేసారి పెట్టేస్తాం. ఉత్తరమైతే ఒకరి మాటైనా పూర్తవుతుంది. రాసి, ఫోటో తీయించి పంపు. మా అమ్మాయి అచ్చు తీసి ఇస్తుంది.

నీ వదిన


మన ఇల్లు, వంటగది బల్ల
జనవరి 29

వదినగారికి నమస్కారాలు.

మీ ఆజ్ఞ అందింది. నేను బడిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, అందులో పదకొండేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండి, కొన్ని వేల సెలవు చీటీలు చదివాను. "అత్యవసర పని వల్ల" అని రాసి, ఆ పనేమిటో రాయని ప్రతి చీటీనీ వెనక్కి పంపాను. మీ ఉత్తరం సరిగ్గా ఆ రకం. అయినా పెద్దవారు కనుక మంజూరు చేస్తున్నాను.

ఫారం నేనే నింపుకుంటానంటే మా అబ్బాయి వినలేదు. "ఒక్క గడి తప్పితే అంతేనమ్మా" అని ఒక ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళాడు. జిరాక్సు షాపు మీద మేడగది. గోడ నిండా విమానాల బొమ్మలు. ఆయన మాత్రం ఆ కుర్చీలోంచి ఎప్పుడూ కదిలిన జాడ లేదు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్తున్నాడని సర్వజ్ఞుడు అని పేరు పెట్టుకున్నాను.

"ఎక్కడ దిగుతారు మేడం?"

"మా వదినగారింట్లో."

"అలా రాస్తే చుట్టాల దగ్గరే ఉండిపోతారనుకుంటారు. హోటల్ వేద్దాం."

"నేను హోటల్లో దిగితే మా వదిన నన్ను బతకనిస్తుందా?"

"మీరు దిగక్కర్లేదు మేడం. కాగితం మీద దిగితే చాలు."

కుదరదని గట్టిగా చెప్పాను. ఆయన తల ఊపాడు.

పక్కగదిలోనే ఫోటో తీశారు. కళ్ళజోడు తీయమన్నారు, నవ్వొద్దన్నారు. రెండోది నాకేం కష్టం కాలేదు. జోడు సంచిలోంచి తీసేలోపే సర్వజ్ఞుడు నాలుగు చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు. ఫోటో చూసి మా కోడలు "అచ్చం మీలాగే ఉన్నారత్తయ్యా" అంది. మీకు తెలుసుగా, పళ్ళ డాక్టరు. పగలంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపిస్తుంది, సాయంత్రం ఇంటికొచ్చి నా నోరు మూయించాలని చూస్తుంది.

ఇక మీరు ఒక ఆహ్వాన పత్రం రాయాలట. అధికారులు చదివేది. నాతో మాట్లాడినట్టు కాకుండా కాస్త మర్యాదగా రాయండి.

మీ మరదలు


మా అమ్మాయి ఇల్లు
ఫిబ్రవరి 8

మరదలికి,

నీకంటే మర్యాదగా రాయడం నాకు చాతకాదనా? ఆహ్వాన పత్రం విడిగా పంపాను. మా అల్లుడు "నమూనా ఉందండీ అత్తయ్యగారూ, పేర్లు మారిస్తే చాలు" అన్నాడు. నా మరదల్ని పిలవడానికి నాకు నమూనా ఎందుకు? సొంతంగా రాశాను. చదువుకో.

"అయ్యా, ఈమె నా తమ్ముడి భార్య. తమ్ముడు లేడు. పాపం, అక్కడ ఆమెకు చేసే పనంటూ ఏమీ లేదు. మా ఇల్లు ఆమె ఇల్లే. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంటుంది. ఒకసారి వచ్చిందంటే నేను మళ్ళీ వెళ్ళనిచ్చేది లేదు. జీవితాంతం ఆమె బాగోగులకు నాది పూచీ. దయచేసి వెంటనే పంపగలరు."

ఎలా ఉంది? మా అమ్మాయి చదివి తల పట్టుకుంది. "అమ్మా, ఇది మాత్రం పంపకు" అంది. ప్రేమగా రాసింది పంపకూడదంటే ఇంకేం పంపాలి? అది స్నానానికి వెళ్ళినప్పుడు నేనే వెళ్ళి టపాలో వేసి వచ్చాను.

నీ వదిన


మన ఇల్లు, వంటగది బల్ల
మార్చి 4

వదినగారికి,

నమస్కారాలు తర్వాత పెడతాను.

వీసా రాలేదు. తిరస్కరించారు. నిన్న ఇంటర్వ్యూ. మూడు కిలోల కాగితాలు మోసుకెళ్ళాను. నా డిగ్రీ, ఉత్తమ ఉపాధ్యాయురాలి ప్రశంసాపత్రం, మీ తమ్ముడి రిటైర్మెంటు ఆర్డరు, రెండేళ్ళ కరెంటు బిల్లులు, చివరికి నా చెవులు బాగానే పనిచేస్తున్నాయన్న డాక్టరు కాగితం కూడా. అద్దానికి అవతల కూర్చున్న అమ్మాయి అందులో ఒక్కటీ అడగలేదు. ముప్పై ఏళ్ళుంటాయేమో. మర్యాదస్తురాలు. ప్రశ్నలు మాత్రం సూదుల్లా ఉన్నాయి.

"ఎందుకు వెళ్తున్నారండీ?"

"మా వదినగారు రమ్మన్నారు."

"ఎందుకు రమ్మన్నారు?"

"అది అడగొద్దన్నారు."

"మే పదికల్లా అక్కడ ఉండాలని ఫారంలో రాశారు. ఆ తేదీ ఎందుకు?"

"అదేనమ్మా అడగొద్దన్నది."

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది.

"ఎక్కడ ఉంటారు?"

"మా వదినగారింట్లో."

"ఫారంలో హోటల్ అని ఉందే?"

చూపించమన్నాను. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఎన్నడూ వినని హోటల్ పేరు, దాని కింద నా సంతకం. గుండ్రంగా, అందంగా, పిల్లల మార్కుల కాగితాల మీద పెట్టినట్టే ఉంది. ఒక్క కాగితం చదవకుండా సంతకం పెట్టి ఎరగని మనిషిని వదినా నేను. ఫోటోలో జోడు లేకుండా బాగున్నానని ఫోటోగ్రాఫరు అంటే, ఇంకాసేపు తీసి ఉంచానంతే!

"ఇక్కడ మీకు ఉద్యోగం, బాధ్యతలు ఏమైనా ఉన్నాయాండీ?"

"ఏమీ లేవమ్మా. నా కోసం ఆగిపోయే పని ఒక్కటీ లేదు. ఎన్నాళ్ళైనా ఉండగలను."

ఎవరికీ భారం కానని చెప్పుకోవడం గొప్ప అనుకున్నాను.

"మరి తిరిగి ఎప్పుడొస్తారు?"

"మా వదినగారు పంపినప్పుడు."

ఆ అమ్మాయి మీ ఆహ్వాన పత్రం పైకి తీసి, ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఆవిడ పంపేది లేదని రాశారు కదండీ" అంది.

చీటీ చేతికిచ్చారు. "పర్యటన ఉద్దేశం స్పష్టంగా లేదు. దరఖాస్తుదారు స్వదేశానికి తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదు." ఇంటికొచ్చి ఆ అమ్మాయి చేసిన తప్పేమిటా అని సాయంత్రం దాకా వెతికాను. దొరకలేదు. ఆ కుర్చీలో నేనున్నా ఇదే రాసేదాన్ని. మీ పత్రం మొదట చదివినప్పుడు కళ్ళు తుడుచుకుని మురిసిపోయానని కూడా ఒప్పుకుంటున్నాను. ఇద్దరం ఇద్దరమే.

ఇప్పుడు చెప్పండి. మేలో ఏముంది? చెప్పకపోతే రెండో దరఖాస్తు లేదు.

మీ మరదలు


మా అమ్మాయి ఇల్లు
మార్చి 11

మరదలా,

చెప్తాను. కూర్చుని చదువు.

రెండేళ్ళ కిందట నా మోకాళ్ళు చూసిన డాక్టరు నీళ్ళలో నడవమన్నాడు. ఇక్కడ మున్సిపాలిటీ వాళ్ళ ఈతకొలను ఉంది. వెళ్ళి గోడ పట్టుకుని నడిచేదాన్ని. నడిచి నడిచి విసుగేసింది. ఒకరోజు గోడ వదిలేశాను. ఇప్పుడు ఈత వచ్చు. మే పదిహేడున డెబ్భై దాటినవాళ్ళకి పోటీ ఉంది. యాభై మీటర్లు, అంటే కొలను ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి. నేను పేరిచ్చాను.

నవ్వు. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

ముందే చెప్తే నువ్వు నవ్వి నాలుగిళ్ళలో చెప్తావని దాచాను. ఆ దాపరికం వల్లే నీ వీసా పోయిందని తెలిసి సిగ్గేసింది. కానీ నిన్నే ఎందుకు రమ్మన్నానో విను. ఇక్కడ మా వాళ్ళు మంచివాళ్ళు, అదే నా చిక్కు. నేను నీళ్ళలో కాలు పెట్టినా చప్పట్లు కొడతారు. నీళ్ళు మింగి దగ్గినా "సూపర్ అమ్మమ్మా" అంటారు. నేను ఈదుతున్నానో కొట్టుకుంటున్నానో వీళ్ళ మొహాలు చూస్తే తెలియదు. బాగోలేకపోతే బాగోలేదని మొహం మీద చెప్పే మనిషి ఒక్కతైనా ఆ గట్టు మీద ఉండాలి. మన కుటుంబంలో ఆ విద్య నీకొక్కదానికే వచ్చు.

ఇంకోటి. అవతలి గోడ దగ్గర లోతెక్కువ. అక్కడికి చేరగానే నాకు వెనక్కి తిరగబుద్ధి కాదు, మెట్లెక్కి బయటికి వచ్చేస్తాను. ఇప్పటిదాకా రెండో సగం ఒక్కసారి కూడా ఆగకుండా ఈదలేదు. ఇది మా అమ్మాయికి తెలియదు.

నీ వదిన


మన ఇల్లు, వంటగది బల్ల
మార్చి 21

వదినగారికి నమస్కారాలు.

నవ్వాను. మీరు అనుమతి ఇచ్చారు కనుక రెండుసార్లు నవ్వాను. మూడోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. నేను వస్తున్నాను. పదిహేడో తారీఖున ఆ గట్టు మీద ఉంటాను. ఉండకపోతే, నేను ప్రయత్నించని దారంటూ మిగల్లేదని అర్థం.

ఇక్కడ జరిగింది చెప్తాను. మొన్న కోడలు కాగితాలు సర్దుతూ అడిగింది.

"అత్తయ్యా, అక్కడ 'నాకేం పని లేదు' అని చెప్పి వచ్చారట?"

"ఉన్నమాటే చెప్పాను."

"మంగళ, గురు, శనివారాలు నా క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునేదెవరు? పేర్లు పిలిచేదెవరు? వంతు దాటి దూరేవాళ్ళని వెనక్కి పంపేదెవరు?"

"అది పనా? ఇంట్లో తోచక కూర్చుంటున్నాను."

"ఐదేళ్ళ నుంచి తోచట్లేదా? మిమ్మల్ని చూస్తే పేషెంట్లు పంటి నొప్పి మర్చిపోతున్నారు. ఆ ఆఫీసులో మాత్రం చెప్పరు! సెలవు చీటీ రాసివ్వండి నాకు."

"నీకా?"

"నాకే. అక్కడ డాక్టర్ని నేను."

రాశాను. "వ్యక్తిగత పనుల నిమిత్తం విదేశాలకు వెళ్ళవలసి ఉన్నందున" అని మొదలుపెట్టి, చక్కటి భాషలో ఒక పేజీ. అరగంటలో వెనక్కి వచ్చింది. ఎర్ర సిరాతో అడ్డంగా "కారణం స్పష్టంగా లేదు. మళ్ళీ రాయండి" అని ఉంది. సొంత కోడలు, నా వంటింట్లో, నా ఎర్ర పెన్నుతో!

రెండోసారి నాలుగు వాక్యాలే రాశాను. ఎందుకు, ఎక్కడికి, ఏ రోజు నుంచి, ఏ రోజు దాకా. క్లినిక్ కాగితం మీద మంజూరు పత్రం ఇచ్చింది. "మే 9 నుంచి 27 వరకు సెలవు ఇవ్వడమైనది. 28 ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి చేరవలెను. వీరికి బదులు మరొకరు దొరకరు." ఆ చివరి వాక్యం వీసా కోసం రాసిందో, నా కోసం రాసిందో అడగలేదు. నిజం చెప్పేస్తుందని భయం.

ఫారం ఈసారి నేనే నింపాను, రెండు కళ్ళకీ జోడు పెట్టుకుని. ఇంతకుముందు తిరస్కరించారా అని ఒక గడి ఉంది. సర్వజ్ఞుడు ఫోన్ చేసి "లేదని పెట్టెయ్యండి మేడం, ఎవరు చూస్తారు?" అన్నాడు. "తిరస్కరించినవాళ్ళే చూస్తారు నాయనా" అని పెట్టేశాను. ఉందని రాసి, తప్పు ఎక్కడ జరిగిందో కూడా రాశాను. హోటల్ తీసేసి మీ చిరునామా వేశాను. మా అబ్బాయి అప్పుడే టికెట్ కొంటానంటే, వీసా చేతికొచ్చాకే అని ఆపాను.

మీరు ఆహ్వాన పత్రం మళ్ళీ రాయండి. అందులో పాపం అనొద్దు, జీవితాంతం అనొద్దు, నన్ను వెళ్ళనివ్వనని అసలే అనొద్దు. ఎందుకు పిలిచారో, ఎన్నాళ్ళు ఉంటానో, ఎప్పుడు పంపుతారో రాయండి. ఈసారి మీ అమ్మాయికి చూపించండి.

మీ మరదలు


మా అమ్మాయి ఇల్లు
మార్చి 30

మరదలా,

నాలుగుసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ మా అమ్మాయి కత్తెరతో కూర్చుంది. మిగిలింది ఇది.

"మే 17న నేను ఈతపోటీలో పాల్గొంటున్నాను. దానిని చూడడానికి నా తమ్ముడి భార్యను పిలుస్తున్నాను. మే 10 నుంచి 26 వరకు మా ఇంట్లో ఉంటారు. 26న తిరుగు ప్రయాణం."

ఇది ఉత్తరమా? మందుసీసా మీద అంటించే చీటీలా ఉంది. "తిరుగు ప్రయాణం" అని రాయడానికి నా చెయ్యి రాలేదు, మా అల్లుడి చేత రాయించాను. పోటీ వాళ్ళు ఇచ్చిన కాగితం కూడా జతచేశాను. ఎనిమిదిమందిమి. నా పేరు చివర ఉంది. వయసు వరసలో వేశారట, అందరికంటే పెద్దదాన్ని.

ఇవాళ కూడా అవతలి గోడ దగ్గర మెట్లెక్కేశాను.

నీ వదిన


కోడలి క్లినిక్, ముందు బల్ల
మే 6

వదినగారికి నమస్కారాలు.

ఇంటర్వ్యూ అయి పన్నెండు రోజులైనా నేను మీకు రాయలేదు. రాయడానికి ఏమీ లేదు, గుమ్మం వైపు చూడడం తప్ప. పాస్‌పోర్టు ఇవాళ అందింది. వీసా ఉంది. మా అబ్బాయి టికెట్ కోసం పరిగెత్తాడు. పదో తారీఖు మధ్యాహ్నానికి మీ దగ్గర ఉంటాను.

ఇంటర్వ్యూలో మళ్ళీ ఆ అమ్మాయే. నన్ను గుర్తుపట్టింది. చిన్న ఫైలు చూసి "మిగతావి తేలేదా అండీ?" అంది.

"అడిగితే ఇస్తాను. ఇంట్లో చాలా ఉన్నాయి."

"వద్దులెండి. ఎందుకు వెళ్తున్నారు?"

"మా వదిన ఈతపోటీ చూడడానికి."

"ఆవిడ వయసు?"

"డెబ్భై నాలుగు."

మొదటిసారి తలెత్తి నా మొహం చూసింది.

"హోటల్?"

"లేదు. అది నేను చదవకుండా సంతకం పెట్టిన అబద్ధం. ఫారంలో రాశాను."

"చదివాను. తిరిగి ఎప్పుడు?"

"ఇరవై ఆరున బయలుదేరతాను. ఇరవై ఎనిమిది పొద్దున తొమ్మిదిన్నరకి డ్యూటీ."

కోడలి పత్రం చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది. తర్వాత పెన్ను పక్కన పెట్టి "మీ వదినగారు గెలుస్తారాండీ?" అని అడిగింది.

"అవకాశం లేదమ్మా."

"మరి అంత దూరం..."

"రెండో సగం ఈదుతుందో లేదో చూడాలి."

పాస్‌పోర్టు తీసి తనవైపు పెట్టుకుంది. నా జీవితంలో అంత తక్కువ మాట్లాడిన రోజు అదే.

పదిహేడు లోపు మెట్లవైపు చూడడం మానెయ్యండి.

మీ మరదలు


మీ అమ్మాయి ఇల్లు, మీరు నాకిచ్చిన వీధివైపు గది నుంచి పక్కగదికి
మే 18, ఉదయం

వదినగారికి,

తలుపు కింద నుంచి తోస్తున్నాను. నిన్న సాయంత్రం నుంచి మీరు మాట్లాడడం లేదు కనుక ఉత్తరమే గతి. గోడకి ఇటు నేను, అటు మీరు. ఇందుకా నేను వీసా తెచ్చుకున్నది?

ఇంటిల్లిపాదీ "ఎలా ఉంది, ఎలా ఉంది" అని నన్ను చుట్టుముట్టారు. "మొదటి సగం బాగుంది, తిరుగుడు దారుణం" అన్నాను. మీ మొహం మాడింది. మొహం మీద చెప్పే మనిషి కావాలని రాసింది ఎవరు? ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది, కావాలంటే చూపిస్తాను. దానికి తోడు, ఇంకో నెల పొడిగించుకోమంటే వద్దన్నానని ఇంకో కోపం. నేను మాటిచ్చి వచ్చాను వదినా. ఆ అద్దం అవతలి అమ్మాయికి, మా కోడలికి కూడా.

అక్కడ చెప్పనిది ఇక్కడ చెప్తాను. మీరు అవతలి గోడ పట్టుకోగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మిగతా ఏడుగురూ అప్పటికే తువ్వాళ్ళు కప్పుకున్నారు, మీ పనీ అయిపోయిందనుకున్నారు వీళ్ళు. నేను కొట్టలేదు. మీరు మెట్లవైపు చూశారు. నేను "ఇంకా సగం ఉంది!" అని అరిచాను. మర్యాదస్తులు నలుగురు నావైపు తిరిగి చూశారు. చూడనీ. మీరు గోడని తన్నారు. కాళ్ళు అడ్డదిడ్డంగా, తల ఎత్తుగా, ఎటు పోతున్నారో తెలియనట్టు వచ్చారు. ఎనిమిదోవారుగా వచ్చారు. ఏడో ఆవిడ అప్పటికి జడ కూడా వేసుకుంది.

మీరు ఇటు గట్టు తాకేదాకా నేను పక్కనున్న మీ అల్లుడి చెయ్యి పట్టుకుని ఉన్నానని నాకు తెలియలేదు. పొద్దున ఆయన నా గోళ్ళ గుర్తులు చూపించాడు.

మీ మరదలు


పక్కగది
మే 18, పది నిమిషాల తర్వాత

మరదలా,

నాకు కోపం లేదు. తిరుగుడు దారుణమని నాకు నీళ్ళలోనే తెలుసు. పొద్దున్నే గది దాటి రాకపోవడం భుజాలు పైకి లేవక. అలక అనుకుంటే అలాగే అనుకో, నాకూ కాస్త గౌరవంగా ఉంటుంది.

ఇరవై ఆరున వెళ్తావు. సరే. పొడిగించమని ఇంక అడగను. నీ కోడలి బల్ల ఖాళీగా ఉండకూడదు.

ఎనిమిది రోజులున్నాయి. రేపు ఆరింటికి కొలను తెరుస్తారు. గోడ దగ్గర కాళ్ళు ఎక్కడ తప్పుతున్నాయో నువ్వు గట్టు మీద నడుస్తూ చూపించాలి. అది రాస్తే నాకు అర్థం కాదు.

తలుపు నువ్వే తియ్యి. గడియ వెయ్యలేదు, నా చెయ్యి అంతదాకా లేవట్లేదు.

వదిన